కొండమీదికి మోసుకెళ్ళిన ఉసిరి నీడ

ముందే చెప్పేస్తున్నాను, మేం ఎక్కిన కొండ పేరు ఇందులో ఉండదు. ప్రయాణం గురించి రాస్తూ ఊరి పేరు దాచడమేంటని మీలో కొందరికి కోపం రావచ్చు. రానివ్వండి, నా కోపం దానికంటే పెద్దది. మారేడుమిల్లి దాటాక ఎక్కడో ఒకచోట ఘాట్ రోడ్డు వదిలి మట్టిబాట పడితే వస్తుంది ఆ ఊరు. ఊరి వెనక కొండ, కొండ నెత్తిన మోకాలెత్తు పచ్చగడ్డి, కింద మేఘాలు. అంతవరకే చెబుతాను. దారి, ఖర్చు, తిండి, ఎవరితో వెళ్ళాలి, ముఖ్యంగా ఎవరితో వెళ్ళకూడదు అన్నవి మాత్రం దాచకుండా రాస్తాను.

మాది రాజమండ్రి. ఎనిమిదో తరగతితో బడికీ నాకూ తెగిపోయింది. ఆ తర్వాతి చదువంతా నా సైకిల్ షాపులోనే, ఒక పంక్చరుకీ ఇంకో పంక్చరుకీ మధ్య, పక్కవీధి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో సాగింది. ఇప్పుడు షాపు లేదు కానీ, పాత పరిచయం మీద ఎవరైనా బండి తెస్తే కాదనను. అలా రెండేళ్ళ కిందట సత్యవేణి అనే అమ్మాయి ఆటో నిండా పాత గేరు సైకిళ్ళు వేసుకొచ్చింది. గేరు సైకిలు మీద నాకు అప్పటిదాకా మంచి అభిప్రాయం లేదు. మా డెల్టాలో ఎత్తు ఎక్కడమంటే కాలవ వంతెన ఎక్కడమే, దానికి అన్ని పళ్ళచక్రాలు దేనికని నా వాదన. ఆ పిల్ల నవ్వి, ఇవి డెల్టాకి కాదు తాతగారూ, కొండకి అంది. రాజోలు దగ్గరి పిల్ల. ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, మానేసి, కొండరెడ్ల ఊళ్ళో అక్కడివాళ్ళతో కలిసి నాలుగు గుడారాలు వేసుకుంది. వచ్చినవాళ్ళని కొండ ఎక్కిస్తుంది, సైకిలు తొక్కిస్తుంది, రోజుకి ముప్పైమందిని మించి పైకి పంపదు. ఆ పైన వచ్చినవాడు ఎంత ఇస్తానన్నా దండం పెట్టి వెనక్కి పంపేస్తుందట. ఇంటికొచ్చినవాణ్ణి తినకుండా కదలనివ్వని జిల్లాలో పుట్టి, వచ్చినవాణ్ణి వద్దనగలగడం చిన్న విషయం కాదు.

ఇక ప్రయాణం ఎలా మొదలైందంటే, గోదావరి గట్టున పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళం ఒక పాతికమందిమి ఉన్నాం. ఏటా కార్తీకంలో వనభోజనాలకి వెళ్తాం. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, ఈ మాసంలో ఉసిరిచెట్టు కింద దీపం పెట్టి, ఆ నీడలో కూర్చుని భోంచేస్తే పుణ్యం. మాకు ప్రెసిడెంటు కామేశ్వర్రావుగారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు, ఇప్పటికీ టీ చెప్పినా ఆర్డరు వేసినట్టే ఉంటుంది. ఈ ఏడు ఆయన ఫోన్లో ఎవరో కుర్రాళ్ళు పెట్టిన రీల్ చూశారు. గడ్డికొండ, కింద మేఘం, వెనక పాట. చూసి, ఏటా ఆ మామిడితోటలేనా, ఈసారి అక్కడే అన్నారు. అది సత్యవేణి ఉంటున్న ఊరని నేను గుర్తుపట్టి, ఆ అమ్మాయికి ఫోను చేశాను. రమ్మంది గానీ, ఒక సంగతి నెమ్మదిగా చెప్పింది. కుర్రాళ్ళు బైకులతో గడ్డంతా దున్నేస్తున్నారని ఊరివాళ్ళు విసిగిపోయారు, ఈ కార్తీక మాసం చూసి నిర్ణయిస్తామన్నారు. నెల తిరిగేలోపు కొండకి ఏ నష్టమూ జరక్కపోతే బాట తెరిచి ఉంటుంది, తన గుడారాలూ ఉంటాయి. జరిగితే అందరికీ మూసేస్తారు. మేం వెళ్ళేది ఆఖరి ఆదివారం. "ఇప్పటిదాకా ఏం జరగలేదండి. మీరు పెద్దవాళ్ళు కదా, మీ గురించి నాకు బెంగ లేదు" అంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

తెల్లవారకముందే మినీ బస్సు కదిలింది. బస్సుకీ భోజనాలకీ కలిపి మనిషికి ఏడువందలు వేసుకున్నాం. ఆ ఖర్చు లేకుండా వెళ్ళాలనుకుంటే ఆర్టీసీ బస్సు ఉంది, నూటయాభై లోపు టికెట్టుతో మారేడుమిల్లిలో దింపుతుంది. దారి సులువే. కోరుకొండ, గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి. అంతా కలిపి మూడు గంటల పైమాట. గోకవరంలో పెసరట్టు ఉప్మా తినకుండా ముందుకు వెళ్ళకండి, అక్కడినుంచి అడవి మొదలైతే టిఫిను దొరికే చోట్లు తక్కువ. అల్లంపచ్చడి వేసేటప్పుడు చాలని చెబితే ఆ హోటలాయన నొచ్చుకుంటాడు, మీ జాగ్రత్తలో మీరుండండి.

ఆ హోటలు ముందే బైకుల మీద నలుగురు కుర్రాళ్ళు ఆగి ఉన్నారు. భీమవరం నుంచట. హెల్మెట్ల మీద కెమెరాలు, మోకాళ్ళకి కవచాలు, యుద్ధానికి వెళ్తున్నట్టున్నారు. వాళ్ళలో సుధీర్ అనే అబ్బాయి టీ తాగి కాగితం కప్పు కింద పడేశాడు. కామేశ్వర్రావుగారు పెసరట్టు ప్లేటు పక్కనపెట్టి మరీ లేచారు. మీ తరానికి ప్రకృతి అంటే ఫోటో, మా రోజుల్లో చెట్టుని ముట్టుకునేముందు దండం పెట్టేవాళ్ళం, కొండ అంటే దేవుడు అంటూ మొదలుపెట్టి పెసరట్టు చల్లారేదాకా వదల్లేదు. మేమంతా తలలూపాం. నేనూ ఊపాను, మాటలు బాగున్నాయి మరి. ఆ కుర్రాడు కప్పు తీసి డబ్బాలో వేసి, "సారీ అంకుల్" అని హెల్మెట్ పెట్టుకున్నాడు. లోపల ఏమనుకున్నాడో ఆ కవచంలోంచి కనబడలేదు.

రంపచోడవరం దాటాక మా డ్రైవరు ఏడుకొండలుని అడిగాను, ఈమధ్య కొండకి ఎవరు ఎక్కువ వస్తున్నారని. కుర్రాళ్ళేనండి ఆయ్, అన్నాడు. వాళ్ళలోనూ రకాలున్నాయట. కొందరు ఇంటినుంచే స్టీలు సీసాలు తెచ్చుకుని, దారిలో చెత్త కనబడితే బస్సాపి మరీ ఏరతారు. కొందరు ప్రకృతి ఒడిలో ఉంటామంటూ వచ్చి, దిగగానే ఛార్జింగు పాయింటు ఎక్కడని అడుగుతారు. ఇంకో రకం గుడారంలో పడుకుంటారు గానీ తెల్లారేసరికి బకెట్టెడు వేడినీళ్ళు కావాలంటారు, ఆ నీళ్ళకి కట్టెలెక్కణ్ణుంచి వస్తాయో వాళ్ళకి పట్టదు. "మరి పెద్దవాళ్ళేంటయ్యా?" అన్నాను. ఏడుకొండలు అద్దంలో నాకేసి చూసి, "మీరుండగా నేనేం చెప్పనండీ" అన్నాడు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

ఊరి మొదట్లో వెదురుగడ అడ్డం కట్టి ఉంది. బళ్ళు అక్కడితో ఆఖరు. మనిషికి రెండువందలు తీసుకుని, ఊళ్ళోవాళ్ళలో ఒకరిని దారి చూపడానికి ఇస్తారు. ఆ పని ఇంటికొకరు చొప్పున వంతులేసుకున్నారు. నడక గంటకి పైనే. ప్లాస్టిక్కు ఏదైనా అక్కడే వదిలెయ్యాలి. సత్యవేణి ఎదురొచ్చి అందరికీ నమస్కారాలు పెట్టి, నెమ్మదిగా ఈ నియమాలన్నీ చెప్పింది. మా బస్సులోంచి దిగిన సరంజామా చూసి ఆ పిల్ల మొహంలో రంగు మారింది. పనసపొట్టు కూర, గుత్తివంకాయ, కందాబచ్చలి, దప్పళం, పులిహోర, బూరెలు, వీటికి గంగాళాలు, గరిటెలు, ప్లాస్టిక్ గ్లాసుల కట్టలు, థర్మాకోల్ పళ్ళేలు, పాటలపెట్టె. గోదావరి జిల్లావాళ్ళు పిక్నిక్కి వెళ్ళడమంటే ఇల్లు మారడమే.

అక్కడ అరగంట వాదన జరిగింది. అంతకుముందే వచ్చిన భీమవరం కుర్రాళ్ళు, గొణుక్కుంటూనే అయినా, బైకులు అడ్డుగడ పక్కన ఆపి నడక మొదలుపెట్టేశారు. మావాళ్ళే కదల్లేదు. మేమంతా ప్రకృతి ప్రేమికులమమ్మా, మాకు చెప్పాలా అని కామేశ్వర్రావుగారు. మోకాళ్ళ నొప్పులతో గంట నడవమంటే ఎలాగని ఆడవాళ్ళు. చివరికి సత్యవేణి ఒక దారి చెప్పింది. గ్లాసులూ పళ్ళేలూ పాటలపెట్టే బస్సులో ఉండాలి, ఊళ్ళో ఆడవాళ్ళు కుట్టిన అడ్డాకు విస్తళ్ళు తీసుకోవాలి. వంటపాత్రలనీ నడవలేనివాళ్ళనీ ఊరి జీపు నడిపే గంగన్న తీసుకెళ్తాడు. అదీ కొండ నెత్తికి కొంచెం కిందవరకే. అక్కడ మలుపులో ఉసిరిచెట్లున్నాయి, నీడ బాగుంటుంది, మీ భోజనాలకి ఆ చోటు సరిపోతుందండి అని కూడా చెప్పింది. సరేనన్నారు. కామేశ్వర్రావుగారు, మరో ఇద్దరు పెద్దమనుషులు, ఆడవాళ్ళు జీపెక్కారు. మిగిలినవాళ్ళం నడిచాం.

ఈ నడక గురించి మీకు చెప్పాలి. ముందు వెదురు, తర్వాత చిన్న వాగు, తర్వాత కుడిపక్క లోయ. కార్తీకం చివర కాబట్టి ఎండ ఉన్నా చలిగాలి వీపుమీదే ఉంటుంది, శాలువా తీసుకెళ్ళండి. నా వయసువాడు ఎక్కగలడు, మధ్యలో నాలుగుసార్లు ఆగి దృశ్యాన్ని మెచ్చుకుంటున్నట్టు నటిస్తే ఆయాసం బయటపడదు. సత్యవేణి నా పక్కనే నడిచింది. నేను బాగుచేసిన సైకిళ్ళు ఎలా ఉన్నాయో చెప్పింది. రోజుకి ముప్పైమందే అంటే లాభమేముందమ్మా అంటే, ఎక్కువమంది వస్తే రెండేళ్ళు సంపాదించుకోవచ్చండి, మూడో ఏడు చూడ్డానికి ఎవరూ రారు అంది. తన వయసువాళ్ళ మీద తనకి కోపం లేదట. చెబితే వింటారండి, చెప్పేవాళ్ళెవరూ లేక అలా చేస్తున్నారు అంది. మాటల్లో ఉసిరి గురించి వచ్చింది. ఈ ఊళ్ళో చెట్టు నిండా కాయలున్నా ఎవరూ కోయరట. ఊరంతా కూర్చుని ఒక రోజు పండగ అనుకుని, మొదటికాయలు కొండదేవతకి పెట్టాకే కోత. చిన్నపిల్లలు కూడా నోట్లో వేసుకోరు. ఇంకా ఆ రోజు రాలేదంది.

ఆ మాటయ్యాక కాసేపటికే మలుపు వచ్చింది. సత్యవేణి ఆగిపోయింది. దారి పొడుగునా పచ్చటి చిన్నచిన్న ఉసిరాకులు రాలి ఉన్నాయి, పెళ్ళిపందిరి లాక్కెళ్ళినట్టు. పక్కనున్న చెట్టుకి ఒక పెద్ద కొమ్మ లేదు. కొమ్మ ఉండాల్సినచోట కత్తి దెబ్బలు, తెల్లగా పచ్చిగా. ఆ ఆకుల బాట కొండ నెత్తికి వెళ్తోంది. ఆ పిల్ల దాని వెంట నడిచింది. నేను వెనకాల నడిచాను, ఆయాసం సంగతి అప్పుడు గుర్తులేదు.

పైన ఏం చూశానో చెబుతాను. గడ్డి మధ్యలో, లోయ బాగా కనబడే చోట, పులిహోర గంగాళం ఖాళీ చేసి, అందులో రాళ్ళు పోసి, మనిషంత కొమ్మని నిలబెట్టారు. దాని నిండా కాయలే. కింద దీపం వెలుగుతోంది. కొమ్మ నీడ ముగ్గురికైనా సరిపోదు, అయినా దాని చుట్టూ చాపలు పరిచారు. కామేశ్వర్రావుగారు ఫోటోకి నిలబడి ఉన్నారు. సంగతి తర్వాత తెలిసింది. మలుపులో నీడ ఉంది గానీ వ్యూ లేదట. పైన వ్యూ ఉంది గానీ ఉసిరి లేదు. గంగన్న పాత్రలు మోస్తుండగా ఈ ముగ్గురూ కొబ్బరికాయల కత్తి తీసుకుని వెనక్కి దిగి, దండం పెట్టుకుని మరీ నరికారట. అడవిలో చెట్టు కింద కూర్చుని తినమన్న ఆచారం కోసం చెట్టునే నరికి తెచ్చుకున్న మనుషుల్ని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను, మా గట్టు మీద రోజూ నాతో నడుస్తారు.

గంగన్న అక్కడ లేడు. అడిగితే, కొమ్మ చూడగానే కిందికి దిగిపోయాడన్నారు. కాసేపటికి ఊరిపెద్దని వెంటబెట్టుకుని వచ్చాడు. ఊరిపెద్దని అక్కడ పెద్దకాపు అంటారు. సన్నగా, భుజమ్మీద తువ్వాలుతో, మా అందరికంటే నింపాదిగా ఉన్నాడు. కొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. సత్యవేణికేసి చూసి, "నీ మనుషులేనా అమ్మా?" అన్నాడు.

కాదని చెప్పొచ్చు. మేం ఆమె గుడారాలకి వచ్చినవాళ్ళం కాదు. కానీ ఆ పిల్ల, "నేనే పైకి పంపాను పెద్దయ్యా" అంది.

కామేశ్వర్రావుగారు ముందుకొచ్చారు. తప్పుగా అనుకోకండి, ఇది మా సరదాకి కాదండి, దేవుడి కోసం అన్నారు.

"మా దేవుడికింకా పెట్టలేదండి" అన్నాడు పెద్దకాపు.

గొంతు పెంచలేదు. గాలికి దీపం ఆరిపోతే ఎవరూ మళ్ళీ వెలిగించలేదు. అప్పుడు గడ్డి అంచున కూర్చుని బిస్కట్లు తింటున్న భీమవరం కుర్రాళ్ళలోంచి సుధీర్ గొంతు వినబడింది. "అంకుల్, పొద్దున టీకప్పుకి మాకు క్లాసు పీకారు కదా. ఇదెక్కడ వెయ్యాలండీ, ఏ డబ్బాలో?" మిగతా ముగ్గురూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

మావాళ్ళు ఊరుకున్నారా? లేదు. ఒకాయన, ముందే బోర్డు పెట్టొచ్చు కదండీ అన్నారు. బోర్డట. ఎవరింటి పెరట్లోకైనా వెళ్ళి జామచెట్టు నరికి, బోర్డు లేదు కాబట్టి నరికాం అని చెబుతామా? ఇంకొకావిడ, ఎలాగూ విరిగిపోయింది కదా, కాయలు పాడవుతాయి, తలాకొన్ని ప్రసాదంగా పంచేద్దామని సంచి తీశారు. అప్పుడు నాకు నోరు ఆగలేదు. నేనేమన్నానో ఇక్కడ రాయను, సైకిల్ షాపులో నేర్చుకున్న భాష అది. ఆ తర్వాత మా గట్టు బృందంలో నాకు చోటుంటుందో లేదో తెలియదు, ఆ బెంగా లేదు.

పెద్దకాపు మా గొడవలేవీ పట్టించుకోలేదు. సత్యవేణితో మాత్రమే మాట్లాడాడు. బాట రేపటినుంచి కట్టేస్తాం, గుడారాలు తీసెయ్యమ్మా, పండగయ్యాక ఊరు కూర్చుంటుంది, తెరవాలో వద్దో అప్పుడు చూద్దాం అన్నాడు. ఆ అమ్మాయి అలాగేనంది. వాదించలేదు, నా గుడారాలకి వచ్చే కుర్రాళ్ళు ఏం చేయలేదు కదా అనలేదు. పెద్దకాపు వెళ్ళబోతుంటే మాత్రం ఒకటి అడిగింది, ఈ కొమ్మ ఏం చెయ్యమంటారని. చెట్టు దగ్గర పెట్టమన్నాడు. అప్పుడు సత్యవేణి కామేశ్వర్రావుగారి వైపు తిరిగి, "మీరే మోసుకురావాలండి. జీపు రాదు" అంది.

ముగ్గురు పెద్దమనుషులూ కొమ్మ భుజాలకెత్తుకుని దిగారు. మోకాళ్ళ నొప్పులు అప్పుడు ఎవరికీ గుర్తురాలేదు. భోజనాలు అడ్డాకుల్లోనే అయ్యాయి గానీ పనసపొట్టు కూర ఎవరూ రెండోసారి వేయించుకోలేదు. మా వాళ్ళ చరిత్రలో అది మొదటిసారి అనుకుంటాను. సాయంత్రం బస్సు కదిలేటప్పుడు నేను ఎక్కలేదు. వెనకాల ఉండి, గుడారాలు విప్పడంలో చేయి వేశాను. సైకిళ్ళ హ్యాండిళ్ళు వంచి కట్టడం నా పని. భీమవరం కుర్రాళ్ళు కూడా ఉండిపోయి మేకులు పీకారు. ఆ పనిలోనే సుధీర్ ఫోను తీసి చూపించాడు. గంగాళంలో కొమ్మ, దాని పక్కన కామేశ్వర్రావుగారి ఫోటో మొహం, తర్వాత పెద్దకాపు, అంతా వీడియో తీశాడు. పెట్టేద్దామక్కా, వీళ్ళ పరువు పోవాలి అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, పెట్టరా నాయనా అనబోయాను. సత్యవేణి మేకు పీకుతూనే తల అడ్డంగా ఊపి వద్దంది. "పెడితే వాళ్ళని తిడతారు, మన కొండని చూస్తారు. పై ఆదివారం బళ్ళేసుకుని వచ్చేస్తారు."

ఆ కుర్రాడు కాసేపు ఫోను చేతిలో పట్టుకునే ఉన్నాడు. ఆ వయసులో అలాంటి వీడియో చేతిలో ఉండి పెట్టకుండా ఉండటం, పెద్దకొమ్మ చేతికందే ఎత్తులో ఉండగా నరక్కుండా ఉండటం కంటే కష్టం. తర్వాత మా ముందే తీసేశాడు. ఆ రాత్రి ఊళ్ళోనే ఒకరింటి అరుగు మీద పడుకుని, మర్నాడు ఆర్టీసీ బస్సులో రాజమండ్రి చేరాను.

యువతరానికి కొండలంటే గౌరవం లేదని మా గట్టు మీద ఇప్పటికీ రోజూ మాట్లాడుకుంటారట, నేను వేరే వేళకి నడుస్తున్నాను కాబట్టి వినడమే. కప్పు కిందపడేసే కుర్రాళ్ళున్నారు, కాదనను. గడ్డిని దున్నేసినవాళ్ళూ కుర్రాళ్ళే. కానీ ఆ నెలంతా కొండని కాపాడింది ఒక పిల్ల, దానికున్న ఒక్క అవకాశాన్ని పోగొట్టింది డెబ్భై ఏళ్ళ భక్తి. తప్పని చెబితే కుర్రాడు వంగి కప్పు తీశాడు, మావాళ్ళు బోర్డు అడిగారు. పండగ ఇంకా కాలేదు. సత్యవేణి సైకిళ్ళు మా ఇంటి వసారాలో ఉన్నాయి, రోజూ గొలుసులకి నూనె రాస్తున్నాను. ఊరు కూర్చున్న రోజు పెద్దకాపు ఏమంటాడో నాకు తెలియదు, ఆమెకీ తెలియదు. సుధీర్ వీడియో తీసేశాడు, నేను పేరు తీసేశాను. నా చేతనైంది అంతే.

వనభోజనానికి ఏ కొండకైనా వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా. ఉసిరిచెట్టు ఎక్కడుంటే అక్కడే కూర్చుని తినండి. వ్యూ కావాలంటే చేతులు కడుక్కున్నాక లేచి నడవండి.